పోలీస్ స్టేషన్‌లో పాత మెమోలు, ఫారాలు ఎక్కడి నుంచి సరిచేయాలి?

ప్రశ్న (ఒంగోలు): స్టాండింగ్ ఆర్డర్లు, మెమోలు అన్నీ ఒకే ఫైల్లో కుక్కి ఉన్నాయి సార్. సగానికి ఇంకా సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్లే. ముందు ఏది పట్టుకోవాలి?

జవాబు (నెల్లూరు): నోటీసు ఫారాలు. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ బదులు కొత్త కోడ్ బీఎన్ఎస్ఎస్ వచ్చింది: హాజరు కమ్మనే నోటీసుకు 41ఏ పోయి 35(3), 161 వాంగ్మూలానికి 180, శవపంచనామాకు 174 బదులు 194. నంబర్లు మార్చి ఊరుకుంటే మాత్రం చిక్కే. 35(7) కొత్తగా వచ్చింది: మూడేళ్లలోపు శిక్ష పడే నేరంలో అరవై దాటినవాళ్లను, అనారోగ్యంతో ఉన్నవాళ్లను అరెస్టు చేయాలంటే డీఎస్పీకి తగ్గని అధికారి అనుమతి ఉండాలి. సోదాకు 105 కింద వీడియో తప్పనిసరి. పాత మెమోల్లో వీటి ఊసే ఉండదు.

జవాబు (కావలి): 65బీ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసేది) ఫారం కూడా చూడండి. ఇప్పుడది కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63; పార్ట్ ఎ, పార్ట్ బి రెండూ ఉండాలి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. 35 నోటీసు వాట్సాప్‌లో పంపమనే మెమో ఉంటే తీసేయండి, 2025 జనవరిలో సుప్రీంకోర్టు కుదరదంది.

జవాబు (ఒంగోలు నుంచే మరొకరు): పాతవి చించకండి. బీఎన్ఎస్ఎస్ 531 ప్రకారం అప్పటికే నడుస్తున్న దర్యాప్తులు పాత కోడ్ కిందే సాగుతాయి. కాగితం మీదే రద్దు తేదీ, కొత్త ఉత్తర్వు నంబరు రాసి వేరే ఫైల్లో పెట్టండి. అన్నట్టు, రైటర్ (స్టేషన్ రాతపని చూసేవాడు) కంప్యూటర్లో పాత ఫారం డెస్క్‌టాప్ మీదే ఉంటే అదే ప్రింటవుద్ది, దాన్ని ముందు అక్కణ్ణుంచి తీయించండి.