రొయ్యల గుంట దగ్గర డీజిల్ షెడ్డుకి ఫోమ్: ఏది, ఎంత?

ముత్తుకూరు_గుంటలు:
గట్టు మీద జనరేటర్ షెడ్డు, అందులోనే 200 లీటర్ల డీజిల్ డ్రమ్ములు అయిదు. మంటలార్పే ఫోమ్ (నురగ) సిలిండర్లు, 9 లీటర్లవి, రెండుంటే చాలునా? డీసీపీ (మంటలార్పే పొడి) ఒక్కటే అన్నిటికీ పనికొస్తదంటారే?

ఒంగోలు_ఫిట్టర్:
డీసీపీ మంటని టక్కున కొడుతుంది, డీజిల్‌ని మాత్రం చల్లార్చదు, కప్పదు. సైలెన్సర్ కాలుతా ఉంటే మళ్ళీ అంటుకుంటుంది. పొడి కొట్టిన వెంటనే పైన నురగ పరవాలి. ఫోమ్‌కి పడే పొడేనా అని అడిగి కొనండి, కొన్ని నురగని విరగ్గొడతాయి. కరెంటు ప్యానెల్ బోర్డుకి సీవోటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు) సిలిండరే. నురగలో ఉండేది నీళ్ళే గదా, కరెంటు తియ్యకుండా దాని మీద కొట్టొద్దు.

కృష్ణపట్నం_పంప్‌హౌస్:
9 లీటర్లది నేల మీద ఒలికిన మడుగుకే. షెడ్డంతా అంటుకుంటే లెక్క వేరు. 3 శాతం కాంపౌండ్ (నీళ్ళలో కలిపే నురగ మందు) అంటే 97 లీటర్ల నీళ్ళకి 3 లీటర్లు. నిమిషానికి 200 లీటర్లు చిమ్మే బ్రాంచి (హోస్ చివరి గొట్టం) 6 లీటర్ల కాంపౌండ్ తాగుతుంది, 20 లీటర్ల క్యాను మూడు నిమిషాల పైచిలుకు వస్తుంది, అంతే. చదరపు మీటరుకి నిమిషానికి 6.5 లీటర్ల చొప్పున ఆ బ్రాంచి 30 చదరపు మీటర్లకి సరి. 15 నిమిషాలు కొట్టాలంటే 90 లీటర్ల కాంపౌండ్, 3000 లీటర్ల ద్రావణం. ఒక్క క్యాను కొని ధీమాగా పడుకునే పని కాదిది.

ముత్తుకూరు_గుంటలు:
గుంట నీళ్ళే తోడుకుంటే? ఉప్పు గదా.

కృష్ణపట్నం_పంప్‌హౌస్:
ఉప్పునీళ్ళకి చాలా రకాలు పడతాయి, డబ్బా మీద చూసుకోండి. అసలు తంటా నాచుతో. బ్రాంచి జాలీ పూడిపోతే నురగకి బదులు పాలలాంటి నీళ్ళు వస్తాయి. ఇంకోటి ఇండక్టర్, అంటే హోస్ నీళ్ళలోకి కాంపౌండ్‌ని లాగే సాధనం. లోపలికి 7 బార్ ఒత్తిడి ఇస్తే బయట ఎదురొత్తిడి 4.5 దాటకూడదు. హోస్ మరీ పొడుగైనా, మెలిక పడినా కాంపౌండ్ లాగడం ఆగిపోతుంది. బ్రాంచి, ఇండక్టర్ ఒకే లీటర్లవి ఉండాలి. నురగని డీజిల్‌లోకి సూటిగా కొట్టకుండా వెనక గోడకి కొడితే అదే జారి పరుచుకుంటుంది. అయినాక మంచినీళ్ళతో అంతా కడగాలి.

కావలి_హ్యాచరీ:
ఆ నురగంతా ఏడికి పోతుంది? పాత ఏఎఫ్ఎఫ్ఎఫ్ రకం ఫోమ్‌లో ఫ్లోరిన్ రసాయనాలుంటాయి, మట్టిలో నశించవు. అట్టా నశించని రసాయనాల్ని కట్టడి చేసే స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందంలో వాటిలో పీఎఫ్ఓఎస్ అనేదాన్ని 2009లో, పీఎఫ్ఓఏ అనేదాన్ని 2019లో చేర్చారు. ఫ్లోరిన్ లేని రకం కొన్నా అది కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ తినేస్తుంది, ఏరేటర్లు ఆగిన పూట రొయ్య తేలిపోతుంది. డ్రమ్ములకి సరిపడా కట్ట కడితే సరిపోదు. డీజిల్ 1000, ద్రావణం 3000, మొత్తం 4 ఘనమీటర్లు పట్టే గుంత కావాలి, వాలు గుంటల వైపు ఉండకూడదు.

ఒంగోలు_ఫిట్టర్:
ఫ్లోరిన్ లేనిదాన్ని పాత క్యానులో కలపొద్దు. అది చిక్కగా ఉంటుంది, ఇండక్టర్‌కి సరిపోతుందో లేదో కంపెనీని అడగండి. క్యాన్లు రేకుల కింద మండిపోయే చోట పెట్టొద్దు.

ముత్తుకూరు_గుంటలు:
సీవోటూకి మీటర్ లేదే, ఉందో అయిపోయిందో ఎట్ట తెలిసేది?

ఒంగోలు_ఫిట్టర్:
తూకం వెయ్యాలన్నా. నింపిన గ్యాసులో పదో వంతు తగ్గితే మళ్ళీ నింపించండి. ప్రెషర్ టెస్ట్ సీవోటూకి అయిదేళ్ళకి, ఫోమ్‌కీ డీసీపీకీ మూడేళ్ళకి.