స్టడీ అవర్ల చదివించాల్నా, పుస్తకం మూయించి రాయించాల్నా? నడుమ మెదడు ముచ్చట దేనికి? (ఇద్దరు సార్లు, ఒక హాస్టల్ మేడం వాదన)

హన్మకొండ జీవశాస్త్రం:
పదో తరగతి స్పెషల్ క్లాసుల్లో ఒక పాఠాన్ని మూడు నాలుగుసార్లు పైకి చదివించడం మన బళ్లల్ల అలవాటు. ఒక్కసారే చదివించి, పుస్తకం మూయించి రాయించాలని నేనంట. కారణం మెదడులనే ఉన్నది. నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ సాయంతోని మనం ఒక్కపారి మనసుల పట్టుకోగలిగేది దాదాపు నాలుగు విషయాలే. కణతల లోపలుండే హిప్పోకాంపస్ వాటిని ముడేస్తేనే రేపటికి మిగులుతయి.

కిడ్నీల రక్తాన్ని వడపోసే నెఫ్రాన్ బొమ్మ చూడండి. రక్తకేశనాళికా గుచ్ఛం, భౌమన్ గుళిక, సమీపస్థ సంవళిత నాళం, హెన్లీ శిక్యం, దూరస్థ సంవళిత నాళం, సంగ్రహణ నాళం. ఆరు కొత్త పేర్లు ఒక్క గుక్కల చెప్తే కొన్ని జారిపోవుడు ఖాయం. వడపోసేవి రెండు, తిరిగి పీల్చుకునేవి మూడు, చివరికి సేకరించేది ఒకటి అని విడదీస్తే పిల్లలు పట్టుకోవాల్సినవి మూడే.

8 నిమిషాలు చదువుడు. పుస్తకం మూసి తెల్లకాగితం మీద 7 నిమిషాలు బొమ్మ, పేర్లు. ఆ తర్వాత పుస్తకం తెరిచి 5 నిమిషాలు వేరే రంగు పెన్నుతోని ఎవరిది వాళ్లే దిద్దుకునుడు. అదే బొమ్మ మూడో రోజు, పదో రోజు, నెలకు మళ్లా.

పరకాల గణితం:
పద్ధతి మంచిదే సార్, మీరు చెప్పే కారణంతోనే నాకు పేచీ. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగం చేసుకొని, మతిమరుపును లెక్కగట్టి 1885లో అచ్చేయించిండు. ఏ స్కానింగూ లేదు. 2006లో అచ్చయిన మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పిక్‌ల ప్రయోగం కూడా అసుంటిదే: 5 నిమిషాలకు అడిగితే మళ్లీ చదివినోళ్లే ముందున్నరు, వారానికి అడిగితే గుర్తుతెచ్చుకొని రాసినోళ్లకు 56 శాతం, చదివినోళ్లకు 42 శాతం యాదికుంది. టీచరుకు ఇది చాలు. మెదడు నిర్మాణం నుంచి నేరుగా తరగతి గదికి వంతెన వేయలేమని అమెరికా పండితుడు జాన్ బ్రూయర్ 1997లోనే రాసిండు. కుడి మెదడు పిల్లలు, ఎడమ మెదడు పిల్లలు అంటూ, కండ్లకు గంతలు కట్టి చదివిస్తమనే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అంటూ తల్లిదండ్రుల దగ్గర ఫీజులు గుంజేది ఈ మెదడు పేరు మీదనే కదా. మనం గూడ అదే మాట వాడితే వాళ్లకు బలమిచ్చినట్టయితది.

హన్మకొండ జీవశాస్త్రం:
ఆ మోసాల మీద మీతోనే ఉన్న. కానీ నిర్మాణం తెలిస్తే వచ్చే లాభం లెక్కల సార్లకే ఎక్కువ. 1953లో మూర్ఛ తగ్గాలని హెన్రీ మొలైసన్‌కు రెండు వైపులా హిప్పోకాంపస్‌ల పెద్దభాగం తీసేసిండ్రు. కొత్త సంగతి ఏదీ నిలవలే. అయినా ఆయన్ను పరీక్షించిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయిస్తే రోజురోజుకూ చెయ్యి తిరిగింది, ముందు గీసిన సంగతి మాత్రం ఆయనకు యాదికి లేదు. విషయం వేరు, చెయ్యి తిరిగే నేర్పు వేరు అని అక్కడ తేలింది. సూత్రం అడిగి రాయించుడు ఒక పని, లెక్క చేయించుడు ఇంకో పని. ఒకటి చేస్తే రెండోది దానంతటది రాదు.

పరకాల గణితం:
ఈ మాట ఒప్పుకుంటున్న. కానీ కొత్త లెక్కకు తెల్లకాగితం ఇస్తే నష్టమే. వర్గం పూర్తిచేసే పద్ధతిలో పిల్లలు తప్పేది ఒక్కచోటనే: రెండు ఎక్స్ స్క్వేర్ మైనస్ ఏడు ఎక్స్ ప్లస్ మూడు ఈక్వల్ టు సున్నా అంటే, ముందు 2తో భాగించకుండ 7లో సగం తీస్తరు. సగం తీయాల్సింది 7/2లో, అంటే 7/4. దాని వర్గం 49/16 రెండు దిక్కులా కలపాలె. ఆ తప్పుతోనే పది లెక్కలు చేస్తే తప్పే చేతికి అలవాటైతది. అందుకే మొదటి రెండు లెక్కలు పూర్తిగా చేసి చూపాలె, మూడోదాంట్ల చివరి రెండు మెట్లు ఖాళీ, నాలుగోదాంట్ల సగం ఖాళీ, ఐదోది మొత్తం వాళ్లదే.

జనగామ హాస్టల్ ట్యూటర్:
ఇద్దరూ ఒకటి మరుస్తున్నరు. స్లిప్ టెస్ట్ మార్కులు గోడకు అంటిస్తే సగంమంది కాగితం తెల్లగనే ఇస్తరు. 45 మంది పేపర్లు దిద్దుడు కూడా ఒక్కరితోని కాదు.

హన్మకొండ జీవశాస్త్రం:
మార్కులే వద్దు మేడం. భయం పుడితే మెదడుల భయాన్ని పసిగట్టే అమిగ్డలా రేగుతది, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి తెలిసింది గూడ యాదికి రాకుండ అడ్డుపడుతది. దిద్దుకునేది పిల్లలే. సగానికంటే ఎక్కువ ఖాళీ ఉంటే ఆపి, మొదటి అక్షరాలు బోర్డు మీద రాయండి: భౌ, హె, సం. అట్లనే హాస్టళ్లల్ల రాత్రి 10:30కు పండబెట్టి 4:30కు లేపితే నిద్ర 6 గంటలే. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలె. పగలు హిప్పోకాంపస్ పట్టుకున్నది గాఢ నిద్రల మళ్లా మళ్లా మెదిలి మెదడు పైపొర కార్టెక్స్‌ల కుదురుకుంటది. పొద్దటి స్టడీ అవర్ కోసం ఆ నిద్రను కోస్తే రాత్రి చదివించిందే పలచబడ్తది.

పరకాల గణితం:
నిద్ర సంగతిల మీదే గెలుపు సార్. కానీ మన పిల్లల మీద మనమే చూసుకుందాం. ఒకే సెక్షన్ల రెండు పాఠాలు తీసుకొని, సగంమంది మొదటిది రాసి రెండోది చదవాలె, మిగతా సగంమంది ఎదురు. టైం అందరికీ సమానం. 7 రోజులకు చెప్పకుండ పది బిట్లు. జనగామ మేడం హాస్టల్ల గూడ చేస్తే ప్రీ ఫైనల్ లోపు ఇక్కడ్నే అంకెలు పెడదాం.