అప్‌డేట్: స్కూల్ పోలీస్ ఉద్యోగం వచ్చింది

టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) సొంత పోలీసు విభాగంలో ఉద్యోగానికి నేరుగా అప్లై చేయొచ్చా, పాత స్పీడింగ్ టికెట్ అడ్డమవుతుందా అని మూడేళ్ల కిందట ఇక్కడ అడిగాను. పోయిన వారం ఆఫర్ లెటర్ వచ్చింది. అప్పుడు జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనికొచ్చిన సలహా ఒక్కటే: ముందు పోలీస్ అకాడమీలో శిక్షణ, రాష్ట్రం ఇచ్చే పోలీస్ లైసెన్స్, తర్వాత సిటీ పోలీసులో పెట్రోలింగ్ అనుభవం. నేను చూసిన స్కూల్ పోస్టులన్నీ అనుభవం అడిగాయి.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న దగ్గరే చాలాసేపు ఆగారు. లంచ్ టైములో తొమ్మిదో తరగతి పిల్లాడు ఇంకొకణ్ణి తోసేశాడు, ట్రే కింద పడింది. ఏం చేస్తారు? విడదీస్తాను, దెబ్బలు తగిలాయేమో చూస్తాను, క్రమశిక్షణ ప్రిన్సిపాల్‌కి వదిలేస్తాను, బేడీలు వేయను అన్నాను. నేను మనసారా నమ్మేదీ అదే. చిన్న గొడవకి పిల్లల మీద కేసు పడకూడదు.

టికెట్ గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను. దాచకుండా ఫారంలో రాశాను, రెండు నిమిషాల్లో తేలిపోయింది. కళ్లద్దాలు, నా తెలుగు యాస అసలు లెక్కలోకే రాలేదు.

చేరాక 180 రోజుల్లోపు స్కూల్ పోలీసుల ప్రత్యేక శిక్షణ పూర్తి చేయాలి. ఆగస్టులో డ్యూటీ మొదలు.