ఏసీబీ ట్రాప్ సీన్: ఇన్‌స్పెక్టర్ కేసులోంచి ఎలా బయటపడాలి?

చిక్కడపల్లి_కథలు:
పోలీసు అవినీతి మీద యాక్షన్ థ్రిల్లర్ రాస్తున్నా, కథంతా హైదరాబాద్‌లోనే. భూమి తగాదాలో రెండు లక్షలు అడిగిన ఇన్‌స్పెక్టర్‌ను ఇరానీ హోటల్లో ఏసీబీ పట్టుకుంటుంది. నోట్లు ముట్టుకోగానే అతని చేతులు గులాబీ రంగుకు మారతాయి. అక్కడ ఇంటర్వెల్. సెకండాఫ్‌లో విలన్ కేసులోంచి బయటపడాలి. నమ్మేలా ఎలా రాయాలి?

నాంపల్లి_కోర్టు:
ముందు ఆ రంగు సంగతి సరిచేయండి. నోట్లకు రాసే ఫినాఫ్తలీన్ తెల్లటి పొడి, ముట్టుకుంటే ఏ రంగూ రాదు. సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో వేళ్లు ముంచాకే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. కుడిచేతికి ఒక గ్లాసు, ఎడమచేతికి ఒకటి. డబ్బు జేబులో దొరికితే జేబు లోపలి గుడ్డనూ అలాగే కడుగుతారు. ఆ నీళ్లను సీసాల్లో పోసి, సీలు వేసి, మధ్యవర్తుల (అంతా కళ్లారా చూడటానికి ఏసీబీ తెచ్చుకునే బయటి సాక్షుల) సంతకాలతో ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతారు.

అసలు టెన్షన్ అంతకు ముందే ఉంది. ఫిర్యాదు, ఎఫ్ఐఆర్, ఇద్దరు మధ్యవర్తుల ముందు నోట్ల నంబర్లు రాసుకోవడం, పొడి రాసి ఫిర్యాదుదారు జేబులో పెట్టడం. అడిగితేనే తీసివ్వాలి, ఎవరికీ షేక్‌హ్యాండ్ ఇవ్వకూడదు అని అతనికి గట్టిగా చెప్తారు. పొడి రాసిన మనిషి దాడికి వెళ్తే, అతని చేతి పొడే అంటుకుందని తర్వాత డిఫెన్స్ లాయరు దాన్నే పట్టుకుంటాడు. ఇంకోటి, మీ హీరోను డీఎస్పీ చేయండి. ఈ కేసుల్లో దర్యాప్తుకు మామూలుగా ఆ హోదా కావాలి.

డిఫెన్స్_వైపు:
చేతులు గులాబీ అయినంత మాత్రాన శిక్ష పడదండీ. లంచం అడిగాడని రుజువు కావాలి. డబ్బు దొరికినా డిమాండ్ నిలబడకపోతే కేసు పోతుంది. ‘అప్పు తీర్చాడు’, ‘వద్దంటున్నా జేబులో కుక్కాడు’ అనేవి అందరూ చెప్పే వాదనలే. డబ్బు డ్రైవర్‌ను తీసుకోమన్నా చట్టం ఇన్‌స్పెక్టర్‌ను వదలదు, కానీ డ్రైవర్‌కూ అతనికీ లింకు చూపించాలి.

ఫిర్యాదుదారును బెదిరించి మాట మార్పిస్తే చాలనుకోకండి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం స్పష్టంగా చెప్పింది: అతను ఎదురు తిరిగినా, చనిపోయినా, మిగతా సాక్ష్యంతో డిమాండ్ రుజువు చేయొచ్చు. కాబట్టి మీ విలన్ ఇంకో ఇద్దరి వెంట పడాలి. ఒకరు పక్క టేబుల్ దగ్గర కూర్చుని మాటలు విన్న సాక్షి. రెండోది వాయిస్ రికార్డర్. రికార్డింగు కాపీకి హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంఖ్య) సర్టిఫికెట్ లేకపోతే కోర్టు మామూలుగా దాన్ని చూడదు. ఛేజ్ సీన్లు అక్కడ పెట్టండి, కత్తి అక్కర్లేదు. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ ఖాయం, అందుకే బెయిల్ మీద బయటికొచ్చినవాడు యూనిఫాం లేకుండానే తిరగాలి. నాకైతే ఆ మనిషే ఎక్కువ భయపెడతాడు.

ఆర్ట్_డిపార్ట్‌మెంట్:
షూటింగ్‌లో తినే సోడా కలిపి రంగు రాలేదని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ. దాని క్షారం సరిపోదు, లేత రంగే వస్తుంది. బట్టలుతికే సోడా, గ్లాసుకు ఒక చెంచా చాలు. పొడి చిటికెడే, ఎక్కువేస్తే నోటు మీద తెల్లగా కనబడుతుంది. రంగు కాసేపటికి వెలిసిపోతుంది కాబట్టి టేకు టేకుకూ కొత్త నీళ్లు కలపండి.

భుజాల మీద కూడా తప్పులు దొర్లుతుంటాయి. ఇన్‌స్పెక్టర్‌కు మూడు నక్షత్రాలు, కింద ఎరుపు-నీలం రిబ్బన్. ఏసీపీకీ మూడే, రిబ్బన్ ఉండదు. క్లోజప్‌లో రిబ్బన్ మర్చిపోతే మీ విలన్‌కు అక్కడికక్కడే ప్రమోషన్ వచ్చినట్టే. విలన్ పై అధికారులను డైలాగుల్లో ‘ఎస్పీ గారు’ అని రాయకండి, హైదరాబాద్ పోలీసు కమిషనరేట్‌లో ఏసీపీ, డీసీపీలే.

చిక్కడపల్లి_కథలు:
పక్క టేబుల్ సాక్షి ప్రభుత్వ ఉద్యోగి అయితే?

నాంపల్లి_కోర్టు:
మధ్యవర్తులు మామూలుగా వేరే శాఖ ఉద్యోగులే. బదిలీ, ప్రమోషన్ ఆపేస్తామని పైనుంచి ఫోన్ చేయించండి.