బందరు రెండ్రోజుల్లో చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

భాగ్యనగరి:
అందరికీ నమస్కారం అండి. మాది హైదరాబాద్, డిసెంబర్‌లో విజయవాడలో పెళ్ళికి వస్తున్నాం, తర్వాత రెండ్రోజులు ఖాళీ దొరుకుతుంది కాబట్టి మచిలీపట్నం వెళ్దామనుకుంటున్నాం, నేను, మా ఆవిడ, అమ్మానాన్న, ఏడేళ్ళ పాప. ఎక్కడ వెతికినా మంగినపూడి బీచ్, పాండురంగస్వామి గుడి, లడ్డు, ఈ మూడే చెప్తున్నారు. నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు, డచ్చివాళ్ళ సమాధులు, కోట చూడాలని ఎప్పట్నుంచో ఆయన కోరిక. అవి చూడ్డానికి ఇంకా ఏమైనా మిగిలి ఉన్నాయా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. రాత్రికి బందర్లోనే ఉండాలా, బెజవాడ వెనక్కి వచ్చేయాలా?

కోనేరుసెంటర్:
బందర్లోనే ఉండండి సార్. పొద్దున్నే వచ్చి బీచ్ చూసి లడ్డూలు కొనుక్కుని సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ, తర్వాత బందర్లో ఏముంది అంటారు, అది వింటే మాకు బాధగా ఉంటుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇక్కణ్ణుంచి ఓడలు పర్షియా దాకా వెళ్ళేవి. 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ వ్యాపారం పెట్టారు, డచ్చివాళ్ళు అంతకుముందే వచ్చారు, ఫ్రెంచివాళ్ళు 1669లో వచ్చారు. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఇక్కడికి వచ్చేసరికి మద్రాసు అనే ఊరు ఇంకా పుట్టనే లేదు.

డచ్చి సమాధులు ఉన్నాయి, పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. నాన్నగారిని పొద్దున్నే కానీ సాయంత్రం ఎండ వాలాక కానీ తీసుకెళ్ళండి, ఎందుకంటే ఆ రాళ్ళ మీద అక్షరాలు, వాళ్ళ వంశ చిహ్నాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి, ఎండ పక్కనుంచి పడితేనే నీడ పడి స్పష్టంగా కనపడతాయి, మిట్టమధ్యాహ్నం వెళ్తే అంతా బండల్లా కనిపిస్తుంది. గేటు వేసి ఉంటే దగ్గర్లో ఎవర్నైనా అడగండి. అమ్మగారికి పెద్దగా నడకేం ఉండదు.

కోట గురించి మాత్రం ముందే చెప్తున్నా, గోల్కొండలాగా ఊహించుకుని రావద్దు. బందరుకోట వైపు వెళ్తే ఆయుధాగారం అని చెప్పే భవనం, కొన్ని గోడలు, అంతే. 1759లో ఇంగ్లీషు సైన్యాధికారి కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి గెలుచుకున్న కోట ఇదే అని తెలిసి చూస్తే మాత్రం ఆ మిగిలిన గోడ దగ్గరే చాలాసేపు నిలబడిపోతాం. 1864 నవంబర్ 1న తుఫాను వచ్చి సముద్రం ఊళ్ళోకి పొంగింది, దాదాపు 30 వేల మంది పోయారని లెక్క. ఆ దెబ్బ నుంచి ఊరు మళ్ళీ పాత స్థాయికి కోలుకోలేదు. అక్కణ్ణుంచి గిలకలదిండి హార్బర్ దగ్గరే, పడవలు వచ్చే టైమ్‌కి పాపని తీసుకెళ్ళండి, బీచ్ కన్నా అదే ఎక్కువ నచ్చుతుంది.

మంగినపూడిలో ఇసుకతో పాటు నల్లమట్టి ఉంటుంది, కాళ్ళు బాగా బురద అవుతాయి, ఇంకో జత బట్టలు పెట్టుకోండి. లోతు తక్కువ కదా అని పాపని వదిలేయొద్దు. చిలకలపూడి పాండురంగడి గుడి దార్లోనే కలుపుకోవచ్చు, 1929లో కట్టింది, అక్కడే రోల్డ్ గోల్డ్ నగల పని కూడా చూడొచ్చు.

అద్దకం_పెడన:
పైన అన్నీ చెప్పారు కానీ పెడన వదిలేశారు అన్నా 🙂 బందరు కలంకారీ అంటారు గానీ పని జరిగేది ఎక్కువ మా పెడనలోనే, బందరుకి పది కిలోమీటర్లు ఉంటుందేమో, రైలు కూడా ఆగుతుంది. కనీసం ఒక పూట ఉంచుకోండి. షాపులో చీర కొనుక్కుని వెళ్ళిపోకుండా షెడ్డు లోపలికి వెళ్ళి చూస్తామని అడగండి, మర్యాదగా అడిగితే చాలామంది చూపిస్తారు.

బట్టని ముందు కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళల్లో ముంచి ఆరబెడతారు, లేత పసుపుగా అవుతుంది. బెల్లం, తుప్పు ఇనుము కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళు నలుపుకి. ఎరుపుకి పటిక. పటిక అచ్చు వేసినప్పుడు ఎరుపు అస్సలు కనపడదు, సరిగ్గా పడిందా లేదా అన్నట్టు ఉంటుంది, తర్వాత పెద్ద రాగి గాబులో రంగుతో ఉడకబెడితే అప్పుడు పటిక పడిన చోటల్లా ఎర్రగా పైకొస్తుంది. అద్దేవాళ్ళు టేకు అచ్చుని బట్ట మీద పెట్టి పిడికిలితో ఒక్క దెబ్బ వేసి తీస్తారు, మళ్ళీ పక్కన పెడతారు, గీత గీసుకోరు స్కేలు పెట్టరు, పువ్వు పక్కన పువ్వు అలా కలిసిపోతుంది. మీ పాప అక్కణ్ణుంచి కదలదు చూడండి.

కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, స్క్రీన్ ప్రింట్‌ని కూడా కలంకారీ అనే అమ్ముతారు. అచ్చు వేసిందైతే రెండు అచ్చులు కలిసే చోట ఎక్కడో ఒక చోట చిన్న తేడా దొరుకుతుంది. చీరంతా కొలిచినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి.

దివితాలూకా:
సొంత కారైతే రెండో రోజు వెనక్కి వెళ్ళేటప్పుడు వచ్చిన హైవే మీదే వెళ్ళొద్దు. చల్లపల్లి మీదుగా వెళ్ళి ఘంటసాల చూడండి, బౌద్ధ స్తూపం, మ్యూజియం ఉన్నాయి, ప్రాచీన గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ రాసిన కంటకోస్సిల అనే ఊరు ఇదేనంటారు, మాస్టారికి బాగా నచ్చుతుంది. దగ్గర్లోనే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం, అంటే ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న మన శ్రీకాకుళం. కృష్ణదేవరాయలికి స్వామి కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నది ఇక్కడే. తర్వాత కూచిపూడి, పామర్రు మీదుగా బెజవాడ వెళ్ళిపోవచ్చు. హంసలదీవి కూడా చాలా బాగుంటుంది కానీ అవనిగడ్డ, కోడూరు దాటి వెళ్ళాలి, రెండ్రోజుల్లో అది కూడా పెడితే పెద్దవాళ్ళు అలిసిపోతారు, దానికోసం మళ్ళీ రండి.

భాగ్యనగరి:
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్ అండి. నాన్నకి చదివి వినిపిస్తే ఘంటసాల పేరు రాగానే లేచి కూర్చున్నారు. మొదటి రోజు పొద్దున సమాధులు, కోట, హార్బర్, సాయంత్రం గుడి, బీచ్, రెండో రోజు పొద్దున్నే పెడన, తర్వాత ఘంటసాల, శ్రీకాకుళం అనుకుంటున్నాం. లడ్డూ ఎప్పుడు కొనాలి? చీర రంగు దిగుతుందేమోనని మా ఆవిడ భయపడుతోంది.

కోనేరుసెంటర్:
లడ్డు రెండో రోజు బయల్దేరేటప్పుడు కొనండి. బెల్లంతో చేసిందే అడగండి, శనగపిండితో వేయించింది దంచి జల్లించి చేస్తారు కాబట్టి నోట్లో పెడితే కరిగిపోవాలి, పలుకులు తగిలితే ఇంకో షాపు చూడండి. నల్ల హల్వా కూడా కొంచెం తీసుకోండి.

అద్దకం_పెడన:
మొదటి ఒకటి రెండు ఉతుకుల్లో కాస్త దిగుతుంది అన్నా, భయం లేదు. విడిగా చల్లనీళ్ళల్లో జాడించి నీడలో ఆరేయమనండి వదినని, వాషింగ్ మెషీన్లో మాత్రం వద్దు.