మంత్రసాని సామెత రెండో సగం ఏమిటి?

పర్లాకిమిడి నుంచి: "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి..." ఇక్కడ ఆగిపోయాను. తర్వాతి మాట ఎవరికైనా కచ్చితంగా గుర్తుందా? మా నాయనమ్మ "మావొచ్చినా పట్టాలి" అనేదని నా చెవిలో ఉంది (మావి, అంటే కడుపులో బిడ్డ బొడ్డు అంటుకుని ఉండేది). అచ్చులో మాత్రం సామెత మొత్తాన్నీ "ఏదొచ్చినా పట్టాలి" అని ముగించేస్తున్నారు. ఆ "ఏది" ఎవరో కడిగి ఆరేసిన మాటలా ఉంది, నాకు నమ్మకం కుదరడం లేదు.

బరంపురం మాస్టారు: మావి కాదండీ, పియ్యి. "బిడ్డొచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి." పైకి అని చూడండి. బి, పి. రెండూ పవర్గం, రెండింటికీ ఒకటే అచ్చు, రెండింటి వెనకా ద్విత్వం. సామెత కట్టిన నోరు ఊరికే కట్టలేదు. చదువుకున్నవాళ్లకి సిగ్గేసి "ఏది" పెట్టుకున్నారు.

గుణుపురం: మకారమూ పవర్గమే కదా మాస్టారూ! లెక్క కడితే మావొచ్చినా, పియ్యొచ్చినా రెండూ గురువు, గురువు, లఘువు, గురువు. ఛందస్సు మీ ఒక్కరి పక్షానే లేదు.

బరంపురం మాస్టారు: ద్విత్వం సంగతి దాటేశారు. "మావొ"లో ఆ దెబ్బ ఏదీ?

రాయగడ సిస్టర్: కాన్పు గదిలో పనిచేసేదాన్ని, నా మాట కూడా వినండి. మాస్టారి పాఠమే సరైనది. అయితే ఋజువు ద్విత్వంలో లేదు, కాన్పు బల్ల మీద ఉంది. తల కిందికి దిగేటప్పుడు వెనకనున్న పేగుని నొక్కుతుంది. ముక్కినప్పుడల్లా అందులో ఉన్నది కాస్త బయటికొస్తుంది. మాకది మంచి కబురు, బిడ్డ దిగుతోందని. ఆ తల్లికి మాత్రం చచ్చేంత సిగ్గు. "దొడ్డికొస్తంది సిస్టరూ, నన్నొగ్గేయండి" అని బతిమాలుతుంది. ఒగ్గకపోతే బిగబట్టేస్తుంది, ముక్కడం మానేస్తుంది. అప్పుడు పక్కనున్న మనిషి చేతిలోనే ఉంటుందంతా. ముందు నుంచి వెనక్కి ఒక్క తుడుపు తుడిచి, గుడ్డ మడిచి అవతల పడేసి, ఆవిడ కళ్లలోకి చూసి "బాగా ముక్కుతున్నావమ్మా, అలాగే" అనాలి. మూతి ముడిచామా, తర్వాత వచ్చే నొప్పి వృథా. ఇదివరకు చేరగానే అందరికీ ఎనిమా ఇచ్చేసేవారు. అది వద్దని డబ్ల్యూహెచ్‌ఓ 2018 మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇప్పుడు ఈ సామెతని "చేతకాని పని నెత్తినేసుకుంటే అనుభవించు" అని వెటకారానికి వాడుతున్నారు. నాకది పని నేర్పే మాటగానే వినిపిస్తుంది.

ఇంకోటి, సామెతలో ఉన్నది "పట్టాలి", "లాగాలి" కాదు. తల బయటపడుతుంటే అరచెయ్యి ఆనించి, దూసుకురాకుండా నిదానంగా రానిస్తాం. లాగం.

గుణుపురం: పట్టడం అంటే ఓర్చుకోవడం అని కూడా కదా సిస్టర్ గారూ, పంటి బిగువున పట్టినట్టు. నేనెప్పుడూ అలాగే అర్థం చేసుకున్నాను.

పర్లాకిమిడి నుంచి: సిస్టర్ గారూ, మీరు చెప్పింది బిడ్డ రాకముందు మాట. సామెతలో వరస చూడండి, ముందు బిడ్డ, తర్వాత రెండోది. బిడ్డ తర్వాత వచ్చేది మావే కదా! మా నాయనమ్మ భయమంతా అక్కడే. బిడ్డ ఏడ్చాక ఇంటిల్లిపాదీ బిడ్డ చుట్టూ చేరితే ఆవిడ మాత్రం తల్లి పక్క నుంచి కదిలేది కాదట. మావి పడకపోతే తల్లి జడే తల్లి నోట్లో పెట్టి ఓకరించమనేవారు, ఆ ఊపుకి ఊడి వస్తుందని.

రాయగడ సిస్టర్: జడ సంగతి మా పెద్దవాళ్లూ చెప్పేవారు. ఇప్పుడు బిడ్డ పుట్టిన నిమిషంలోపే, గర్భసంచి బిగుసుకోవడానికి తొడకి ఆక్సిటోసిన్ మందు పది యూనిట్లు. బొడ్డు మాత్రం ఒక నిమిషమైనా ఆగాకే కోస్తాం, మావిలో ఉన్న రక్తం బిడ్డకి చేరాలి కదా. మావి వచ్చాక ట్రేలో పరిచి, వేళ్లతో విప్పి, తమ్మె ఏదైనా లోపల ఉండిపోయిందేమో చూస్తాం. చిన్న ముక్క మిగిలినా రక్తం ఆగదు. మీ నాయనమ్మగారి భయం నూటికి నూరుపాళ్లూ నిజం. అయినా నా ఓటు పియ్యికే.

కాశీనగరం: అసలు "మంత్రం" ఎక్కడిదో ఎవరూ అడగరేం? సాని అంటే స్వామిని, దొరసానిలో ఉన్నదే. పురుడు పోసే మనిషికి మంత్రం ఎలా అంటుకుంది? నా ఊహ, నొప్పులప్పుడు చెవి దగ్గర గొణిగిన ధైర్యపు మాటలే జనానికి మంత్రాలుగా వినిపించి ఉంటాయి. ఒడియాలో ధాయీ, అందులో మంత్రమూ లేదు, సానీ లేదు.

సిరొంచ: మా దిక్కు మరాఠీలో సుయీణ్ అంటరు. కన్నడంల సూలగిత్తి. అందులున్న సూలు మన చూలే. చూలాలు, తొలిచూలు అన్నీ ఉంచుకున్నం గని, చూలు చూసే మనిషికి మాత్రం ఆ మాట పెట్టుకోలే.

గుణుపురం: మా ఊళ్లో "తొలిసూరు" అంటారు. లకారం రేఫ అయిపోయింది. దీనికి వేరే చర్చ పెట్టాలి.

బరంపురం మాస్టారు: తప్పకుండా పెట్టండి. ఈలోగా పోతన్నని తలుచుకోనివ్వండి. దేవకి చూలాలైన చోట ఆ కందం చూడండి. బ్రహ్మాండ భాండాలు "తన కడుపున" ఉన్న హరి "దేవకి కడుపున" పెరిగాడు. రెండుచోట్లా కడుపే. ఉదరం, కుక్షి అనలేక కాదు, ఆయనకి మాటలు తక్కువా? గర్భ శబ్దాన్ని తీసుకెళ్లి బ్రహ్మగారి పేరులో, సరసిజగర్భుడిలో పెట్టి, అమ్మకి మాత్రం కడుపు ఉంచాడు.

కాశీనగరం: ఆ కందం నాకూ కంఠస్థమే మాస్టారూ. చివర "బాలార్కు క్రియన్" వదిలేశారేం? చెరసాల చీకట్లో పొద్దుటి సూర్యుడు! కడుపు కన్నా ఆ ఉపమానమే గొప్పదంటాను.

బరంపురం మాస్టారు: కడుపు లేకుండా ఉపమానం దేనికి? దేవకి పక్కన మంత్రసాని కూడా లేదు పాపం.

పర్లాకిమిడి నుంచి: పోతన్న బాగుంది గానీ, మా ఊళ్లో గిడుగువారు బడిలో పాఠాలు చెప్పారు, సవరల మాటలు వాళ్ల నోటివెంట విని రాసుకున్నారు. విన్నది విన్నట్టు రాయాలన్నదే నా పట్టుదల కూడా. నేను విన్నది మావి. అది తుడిచేసి పియ్యి రాయలేను, "ఏది" అసలే రాయను.

సిరొంచ: ఒక్క మాట. మావి అని కొందరంటరు, మాయ అని కొందరంటరు. మీ నాయనమ్మ అన్నది "మాయొచ్చినా" అయ్యుంటే? యకారం వచ్చింది చూడున్రి, పియ్యొచ్చినాకి ఇంకో అడుగు దగ్గరికొచ్చినట్టే గద!