పక్కగాలికి ముందు చక్రం తిరిగిపోతోంది, 50 మి.మీ. రిమ్ములతో ఎలా తొక్కాలి?

నెల్లూరు నుంచి కావలి వైపు హైవే మీద రోడ్ సైకిల్ తొక్కుతుంటాను. ఈమధ్య 50 మి.మీ. లోతున్న (అంటే పక్కనుంచి చూస్తే అంత వెడల్పుగా కనిపించే, అందుకే పక్కగాలి ఎక్కువ పట్టే) కార్బన్ రిమ్ములు వేయించాను. పొద్దున పూట చాలా బాగుంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే కుడివైపు నుంచి కొట్టి ముందు చక్రాన్ని తిప్పేస్తోంది. పెన్నా బ్రిడ్జి మీద మరీ టెన్షన్. ఇంకా భయం లారీలతో: పక్కన ఉన్నంతసేపూ గాలి ఆగుతుంది, దాటిపోగానే ఒక్కసారిగా తోసేస్తుంది. వెనక చక్రంతో ఇబ్బంది లేదు, అది హ్యాండిల్‌ని తిప్పదు కదా.

మోచేతులు వదులుగా ఉంచాలని తెలుసు. కానీ గాలి కొట్టిన క్షణంలో చేతులు వాటంతట అవే బిగుసుకుంటున్నాయి. మీరు ఎలా అలవాటు చేసుకున్నారు? హ్యాండిల్ కింది వంపు పట్టుకుంటే మేలా? ముందు మాత్రం 30 మి.మీ. రిమ్ము వేస్తే తేడా గట్టిగా తెలుస్తుందా? కోస్తాలో తొక్కేవాళ్లు దయచేసి చెప్పండి, ఈ చక్రాలు అమ్మేయడం నాకిష్టం లేదు.